వర్ధంతి వార్తలో చనిపోయిన మనిషి ఏరి?

సంపాదకుడు గారికి,

మన రాజమండ్రి గొప్పవాళ్ళలో ఒకరి గురించి రెండు పేజీలు రాసుకు రమ్మని మా మనవరాలికి బడిలో చెప్పారు. దానికి బొమ్మలంటే ప్రాణం, అందుకని చిత్రకారుడు దామెర్ల రామారావు గారిని ఎంచుకుంది. ఇంట్లో దాచిన పాత పేపర్లు ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. ఒక వర్ధంతి వార్త దొరికింది కూడా. దండ ఎవరు వేశారు, అధ్యక్షత ఎవరు వహించారు, ఎవరెవరు పాల్గొన్నారు, అన్నీ ఉన్నాయి, పదిహేను పేర్లకు తక్కువ లేవు. రామారావు గారి గురించి మాత్రం 'ఆయన సేవలు చిరస్మరణీయం' అన్న ఒక్క ముక్క. "ఏం సేవలు అమ్మమ్మా?" అని అడిగింది పిల్ల.

నాకు తెలిసింది చెప్పాను. 1897లో ఈ ఊళ్ళోనే పుట్టారు, ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కుర్రాడి చేతిలోని పనితనం చూసి బొంబాయిలో చిత్రకళ నేర్పే జె.జె. స్కూలుకి పంపితే, అక్కడ అంత పేరు తెచ్చుకుని కూడా తిరిగొచ్చి మన ఊళ్ళోనే పిల్లలకి చిత్రకళ నేర్పారు. 1925 ఫిబ్రవరి 6న మశూచితో పోయారు. అప్పటికి 28 ఏళ్ళు కూడా నిండలేదు! ఆ బొమ్మలు తలోదిక్కూ పోకుండా కాపాడింది ఆయన భార్య సత్యవాణి గారు, స్నేహితుడు వరదా వెంకటరత్నం గారు. సత్యవాణి గారు కూడా చిత్రకారిణే. ఇదంతా వినగానే గోదావరి గట్టు మీద ఆ బొమ్మలున్న ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళమని నా వెంట పడింది.

ఇది ఒక్క మీ పేపరు సంగతని అనను, అన్నిటిలోనూ ఇంతే. ఇప్పుడు పోతున్నవాళ్ళకీ అంతే జరుగుతోంది, అది నాకు ఇంకా బాధ. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మాస్టారో, నాటకాలాడిన పెద్దాయనో పోతే 'పలువురు సంతాపం' అని ఆ పలువురి పేర్లే వేస్తారు. ఆయన దగ్గర చదువుకున్న ఒక్కరికి ఫోన్ చేసినా నాలుగు మంచి విషయాలు దొరుకుతాయి కదండీ. వాళ్ళని ఎరిగినవాళ్ళు ఉండగా అడగకపోతే తర్వాత అడగడానికి ఎవరూ మిగలరు.

జిల్లా పేజీలో వర్ధంతి వార్త వేసినప్పుడు సగమైనా ఆ మనిషి గురించి రాయండి. ఏ పేటలో ఉండేవారు, ఏం చేశారు, ఆ గుర్తులు ఇప్పుడు ఎక్కడ చూడొచ్చు అన్నవి. రచయిత చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి పేరు ఊళ్ళో అందరికీ తెలుసు, కానీ చూపు సరిగా లేని ఆ మనిషి 1909లోనే దళిత పిల్లల కోసం బడి పెట్టారని ఎంతమందికి తెలుసు?

మే 27 కందుకూరి వీరేశలింగం గారి వర్ధంతి. వితంతువులకి పెళ్ళిళ్ళు చేయిస్తున్నారని ఊరంతా వెలివేసి, వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రావడం మానేస్తే, ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి, పెళ్ళివాళ్ళకి వండి పెట్టారు. ఈసారి దండలు వేసినవాళ్ళ పేర్లు కొన్ని తగ్గించి, ఆ చోట్లో ఆవిడ గురించి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దానవాయిపేట, రాజమహేంద్రవరం