ఇంట్లో కట్టే స్పోర్ట్స్ కారుకు తనిఖీ దారి చూపండి

సంపాదకులకు నమస్కారం.

లోటస్ సెవెన్, ఏసీ కోబ్రా లాంటి పాతకాలపు స్పోర్ట్స్ కార్ల నమూనాలను ఇంటి దగ్గరే కట్టుకోవాలనే ఉత్సాహం హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ పిల్లల్లో కనిపిస్తోంది. ఇది మంచి ఉత్సాహం. పని తెలిసిన చేతులకూ మన దగ్గర కొదవ లేదు. లారీ బాడీలు కట్టే మేస్త్రీలున్నారు, సింగరేణి వర్క్‌షాపుల్లో రిటైరైన ఫిట్టర్లున్నారు, ఫైబర్ పని చేసేవాళ్లున్నారు. లేనిదల్లా, ఒక్కడు కట్టిన ఒక్క బండిని పరీక్షించి నంబరు ఇచ్చే దారి. ఆ సంగతి తెలియక డబ్బులు పోగొట్టుకునేవాళ్లు, పని తెలియక ప్రాణం మీదికి తెచ్చుకునేవాళ్లు ఉండకూడదని ఈ ఉత్తరం.

ముందు కాగితం సంగతి. పాత వ్యాన్ కొని, బాడీ విప్పేసి, దాని ఇంజిన్, ఇరుసు కొత్త చాసిస్‌కు ఎక్కించి, అదే ఆర్సీతో తిరగొచ్చని చాలామంది అనుకుంటారు. అది తప్పు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది చేర్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కొత్త బండిగా నమోదు చేయించాలంటే కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 126వ నిబంధన అడ్డొస్తుంది. నమూనా బండిని పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్షించి ఒప్పుకోవాలి. వేల బండ్లు చేసే కంపెనీలను దృష్టిలో పెట్టుకుని రాసిన నిబంధన అది, ఇంటి వెనక షెడ్డులో కట్టేవాడికి అందేది కాదు. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా ఇక్కడ పనికిరాదు. అది మొదటి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మారని అసలు బండ్లకే.

కాబట్టి ఈ రోజుకు ఇలాంటి కారు సొంత జాగాలో, జనానికి దారి లేని చోట నడపడానికే. దాన్ని ఒప్పుకున్నాకే మొదటి పైపు కోయాలి. ఇంజిన్ కోసం కొన్న బండిని విప్పేస్తే, 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలిపి ఆర్సీ రద్దు చేయించాలి. ఆర్సీ నకలు, అమ్మినవాడి రసీదు లేని స్క్రాప్ ఇంజిన్ ముట్టుకోవద్దు. అది ఎవరింట్లో పోయిన బండిదో తెలియదు.

ఇక పని. మొదటిసారి కట్టేవాళ్లకు కోబ్రా కంటే సెవెన్ నయం. 1957లో వచ్చిన ఈ కారును కొలిన్ చాప్‌మన్ కిట్‌గా కూడా అమ్మింది అప్పటి బ్రిటన్ పన్ను తప్పించుకోవడానికే. దాని ఒంపులన్నీ ముక్కు, నాలుగు మడ్‌గార్డుల్లోనే, మిగతాదంతా చదునైన రేకు. కోబ్రాకు బాడీ మొత్తం ఫైబర్ అచ్చు కావాలి. తలుపులు, బానెట్, డిక్కీ సందులు కుదిర్చే పనికే నెలలు పడతాయి.

సెవెన్ రకం చాసిస్‌కు 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, 6 మీటర్ల బద్దలు 8 తెచ్చుకుంటే సరిపోతుంది. జీఐ పైపు వద్దు. దాని మీది జింకు పూత వెల్డింగ్ వేడికి పొగై ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అతుకులో బుడగలు మిగులుతాయి. మిగ్ మిషన్ (వైరు దానంతటదే వచ్చే వెల్డింగ్ యంత్రం) ఉంటే 1.6 మిల్లీమీటర్ల మందం, 0.8 వైరు చాలు. మన వీధి షాపుల్లో ఉండేది ఎక్కువగా ఆర్క్ మిషనే. దాంతో 2.5 రాడ్ వాడితే 1.6 పైపుకు చిల్లులు పడతాయి. అలాంటప్పుడు 2 మిల్లీమీటర్ల పైపు తీసుకుని, 2 మిల్లీమీటర్ల 6013 రాడ్‌తో తక్కువ ఆంపియర్ల మీద అతకడం మేలు. 45 మీటర్లకు లెక్కేస్తే బరువు 53 కిలోల నుంచి 65కు పెరుగుతుంది. చిల్లులు పడ్డ అతుకు కంటే ఆ 12 కిలోలు ఎంతో నయం.

చాసిస్ వంకర పోయేది దాదాపు ప్రతిసారీ ఒకే కారణంతో: ఒక మూల పూర్తిగా వెల్డ్ చేసి, ఆ తర్వాత రెండో మూలకు పోవడం. చల్లారేటప్పుడు ప్రతి అతుకూ లాగుతుంది. ఒక్కోటి అర మిల్లీమీటరు లాగినా, పదిహేను అతుకులు ఒకే వైపు ఉంటే ఎంతవుతుందో చూడండి. బల్ల ముందు సరిగ్గా ఉండాలి. 8 అడుగుల దిట్టమైన ఇనుప చట్రం మీద 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరిచి, మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో నాలుగు మూలలూ లెవల్ చేయాలి. పైపు ముక్కల్ని మేకులతో, చెక్క దిమ్మెలతో బల్లకు బిగించి, మొత్తం చాసిస్‌ను ముందు చుక్కల్లాంటి చిన్న వెల్డింగ్ అతుకులతోనే నిలబెట్టాలి. అప్పుడు టేపుతో మూల నుంచి మూలకు రెండు వైపులా కొలవాలి. తేడా 2 మిల్లీమీటర్లు దాటితే చుక్కలు కోసి సరిచేయాలి, దాటకపోతేనే పూర్తి వెల్డింగ్. అదీ ముందు ఎడమ, తర్వాత వెనక కుడి అన్నట్టు ఎదురెదురు మూలలు మారుస్తూ, ఒక్కోసారి రెండంగుళాలకు మించకుండా. సస్పెన్షన్ బ్రాకెట్లు అన్నిటికంటే చివర. రెండు బ్రాకెట్ల గుండా ఒకే పొడవాటి 12 మిల్లీమీటర్ల రాడ్ దూర్చి, మధ్యలో బుష్ (కీలులో ఉండే రబ్బరు గొట్టం) కొలతకు కోసిన పైపు ముక్క పెట్టి, నట్టు బిగించాకే అతకాలి. లేదంటే బ్రాకెట్ చెవులు లోపలికి మూసుకుపోతాయి, బుష్ ఎక్కదు. సుత్తితో కొట్టి ఎక్కిస్తే నెలకే చిరుగుతుంది.

ఇంజిన్ విషయంలో మన దగ్గర సులువుగా దొరికే వెనక చక్రాల డ్రైవ్ బండి మారుతి ఈకో. పాత ప్రీమియర్ పద్మినీ కారుకు ముందు రెండు విష్‌బోన్లు (చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ చేతులు) ఉంటాయి, అవి ఇలాంటి కారుకు బాగా కుదురుతాయి. కానీ ఆ కారు ఆగిపోయి చాలా ఏళ్లయింది, విడిభాగాలు దొరకడం కష్టం. ఈకోలో ఇంజిన్ సీటు కింద ఉంటుంది కాబట్టి, సెవెన్ ముక్కులో పెట్టినప్పుడు గేర్ లివర్ లింకేజి, ఎగ్జాస్ట్ కొత్తగా చేయాల్సిందే. దాని ముందు స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు భాగం) ఎత్తు సెవెన్ బానెట్ కింద పట్టదు, విష్‌బోన్లకు మార్చుకోవాలి. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 ఇంజిన్ అయితే, రేపు నమోదుకు దారి తెరుచుకున్నా పొగ దగ్గర ఆగిపోదు. ఇంజిన్‌తో పాటు వైరింగ్ మొత్తం, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), తాళం చెవి, దొంగతనం కాకుండా ఆపే ఇమ్మొబిలైజర్ ఒకే బండివి కావాలి. తాళం చెవి వేరేదైతే ఇంజిన్ స్టార్టే కాదు.

ఇంజిన్ శక్తిని వెనక ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొట్టిగా కోసి అతికించే పని లారీ షాఫ్టులు చేసేవాళ్లకు తెలుసు. రెండు చివర్ల యోక్‌లు (జాయింట్‌ను పట్టుకునే కొమ్ములు) ఒకే వరసలో ఉండాలని, అతికాక బ్యాలెన్సింగ్ చేయించాలని గట్టిగా చెప్పాలి. షాఫ్ట్ మీద ఒక ఇనుప వలయం తప్పనిసరి. జాయింట్ విరిగితే ఆ షాఫ్ట్ తిరిగేది డ్రైవర్ తుంటి పక్కనే.

బ్రేకులే అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సినవి. మనం విడిభాగాలు తీసుకున్న పాత బండి బరువుకు, దాని ముందు వెనకల పంపకానికి లెక్కేసిన బ్రేకులవి. 600 కిలోల కారులో బరువు దాదాపు సగం వెనక చక్రాల మీదే ఉంటుంది, కానీ బ్రేకు వేసినప్పుడు అందులో కొంత ముందుకు దూకుతుంది. వెనక చక్రాలు ముందు చక్రాల కంటే ముందే బిగుసుకున్నాయంటే బండి గిర్రున తిరుగుతుంది. ఖాళీ మైదానంలో 30 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి బ్రేకు వేసి చూడాలి. పక్కన ఒకరు నిలబడి ఏ చక్రం ముందు ఆగిందో గమనించాలి. వెనకది ముందు ఆగితే ఆ లైన్‌లో ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టక తప్పదు. చోటు లేదని సర్వో (కాలి బలాన్ని పెంచే బ్రేకు భాగం) తీసేసేవాళ్లు మాస్టర్ సిలిండర్ కూడా మార్చాలి. 22.2 మిల్లీమీటర్ల బోరు బదులు 19 వేస్తే అదే కాలి బలానికి ఒత్తిడి మూడో వంతుకు పైగా పెరుగుతుంది, పెడల్ ప్రయాణమూ అంతే పెరుగుతుంది. పెడల్ నేలకు తగలకుండా చోటు చూసుకోవాలి. లైన్లకు స్టీలు బ్రేకు పైపు, డబుల్ ఫ్లేర్ (పైపు కొసను రెండు మడతలుగా విప్పార్చడం) మాత్రమే. ఏసీ మెకానిక్‌లు చేసే సింగిల్ ఫ్లేర్ బ్రేకు ఒత్తిడికి పగులుతుంది.

స్టీరింగ్ ర్యాక్ ఎత్తు తప్పితే గతుకు ఎక్కిన ప్రతిసారీ చక్రం తనంతట తానే తిరుగుతుంది. చూడటం తేలికే: స్ప్రింగ్ తీసేసి, హబ్‌కు పొడుగాటి చెక్క కట్టి, జాకీతో చక్రాన్ని 50 మిల్లీమీటర్లు పైకి, 50 కిందికి ఆడించాలి. చెక్క కొసలు పక్కకు పోతుంటే ర్యాక్ కింద షిమ్‌లు (పలుచని రేకు ముక్కలు) వేసి ఎత్తు మార్చుతూ పోవాలి. సస్పెన్షన్‌కు 8.8 గుర్తున్న బోల్టులే వాడాలి. ఏ గుర్తూ లేని చవక బోల్టు ఇక్కడ పెట్టవద్దు. రబ్బరు బుష్ బోల్టులు బండి నాలుగు చక్రాల మీద నిలబడ్డాకే చివరి బిగింపు బిగించాలి. జాకీ మీద వేలాడుతున్నప్పుడు బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి చిరుగుతుంది.

ఫైబర్ పనిలో మన ఎండే పెద్ద శత్రువు. రెసిన్ డబ్బా మీద రాసిన సమయాలు 25 డిగ్రీల లెక్కలు. అక్కడ ఇరవై నిమిషాలు ఆగే రెసిన్, రామగుండం వేసవి మధ్యాహ్నం పది నిమిషాలైనా ఆగదు. ఆగడం లేదని హార్డ్‌నర్‌ను ఒక శాతం కంటే తగ్గిస్తే పైకి గట్టిపడ్డట్టే ఉంటుంది కానీ లోపల పచ్చిగా మిగిలిపోతుంది, నెల తర్వాత బాడీ జారుతుంది. కిలోకు 10 మిల్లీలీటర్లు అలాగే ఉంచి, పని తెల్లవారుజామున చేయాలి. ఒకసారికి అర కిలోకు మించి కలపవద్దు, అదీ వెడల్పు పళ్లెంలో. బకెట్లో కలిపితే దాని వేడికి అదే ఉడికిపోతుంది. 10 చదరపు మీటర్ల బాడీకి చదరపు మీటరుకు 450 గ్రాముల మ్యాట్ (గాజు నారల చాప) మూడు పొరలంటే 13.5 కిలోల మ్యాట్, దానికి రెండున్నర రెట్లు, అంటే 34 కిలోల రెసిన్, 6 కిలోల జెల్‌కోట్ (నున్నటి పై పూత). మందం 3 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. హార్డ్‌నర్, కోబాల్ట్ యాక్సిలరేటర్ నేరుగా ఒకదాంట్లో ఒకటి ఎప్పుడూ కలపవద్దు, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెసిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డ్‌నర్ పోయాలి. హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపు పోవచ్చు. అద్దాలు పెట్టుకోవాలి, పక్కన నీళ్లుండాలి. అచ్చు నుంచి బాడీని తొందరపడి తీయకుండా మూడు రోజులు ఉంచాలి.

ఫైబర్ బాడీలో కరెంటు పారదు. హెడ్‌లైట్ వెలగక, వెలిగినా మసకగా ఉండి, రిలేలు మార్చుకుంటూ రోజులు పోగొట్టుకునేది దీనివల్లే. ప్రతి దీపానికీ, హారన్‌కూ, పెట్రోలు ట్యాంకు గేజ్‌కూ చాసిస్ దాకా విడిగా ఎర్త్ వైరు లాగాలి. రేడియేటర్ ముక్కులో కిందికి ఉంటుంది, ఇంజిన్ దానికంటే ఎత్తు. నీళ్లు పోసే డబ్బా అన్నిటికంటే పైన పెట్టకపోతే గాలి ఇరుక్కుని ఇంజిన్ ఉడికిపోతుంది.

ఇవన్నీ ఎవరైనా తనిఖీ చేయగల విషయాలే. బ్రిటన్‌లో ఒక్కో బండిని విడిగా పరీక్షించి నంబరు ఇచ్చే పద్ధతి ఉంది. అమెరికా 2015లో చట్టం చేసి, 25 ఏళ్లు దాటిన కార్ల నమూనాలను చిన్న తయారీదారులు ఏడాదికి 325 దాకా అమ్మేందుకు వీలిచ్చింది. మన దేశంలోనూ ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా కట్టిన బండ్లతో జరిగే బాహా పోటీల్లో వాళ్ల బండ్లను నిపుణులు ఒక్కొక్కటిగా చూసి, బ్రేకు పరీక్ష నెగ్గాకే మైదానంలోకి వదులుతున్నారు. అంటే చూడగల మనుషులు, పద్ధతులు ఇప్పటికే ఉన్నాయి. ఒక మనిషికి ఒక బండి, వాణిజ్యానికి అమ్మకూడదు, బీఎస్ 6 ఇంజిన్ ఉండాలి, వెల్డింగ్, బ్రేకు, స్టీరింగ్, సీటు బెల్టు, దీపాలు పరీక్ష నెగ్గాలి అన్న షరతులతో 126వ నిబంధనకు మినహాయింపు రాయమని తెలంగాణ రవాణా శాఖ కేంద్రానికి ప్రతిపాదన పంపాలి. వరంగల్, కరీంనగర్ ఎంపీలు దాన్ని పార్లమెంటులో అడగాలి. అప్పటిదాకా ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు తమ ఆవరణలో నెలకోసారి ఇలాంటి బండ్ల వెల్డింగ్, బ్రేకులు చూసి చెప్పేందుకు తలుపులు తెరవాలని కోరుతున్నాం.

ఇట్లు,
ఒక ఆటోమొబైల్ వర్క్‌షాపు బృందం,
హనుమకొండ