వెలగని దీపం గురించి

సంపాదకుడు గారికి,

కార్ల భద్రత మీద పోయిన వారం మీరు వేసిన వ్యాసం చదివాను. ఎయిర్‌బ్యాగులు ఎన్నుంటే అంత మంచిదట. సంతోషం. రిపేరులో విప్పినవాటిని మళ్లీ సరిగా కలిపారో లేదో ఎలా తెలుస్తుందన్నది మాత్రం ఒక్క ముక్క రాయలేదు. వెంటనే రాద్దామనుకున్నాను గానీ అప్పటికి నా కారు ఇంకా వర్క్‌షాపులోనే ఉంది.

స్టీరింగ్ పనికి ఇచ్చాను. ఆ పనిలో దాని మధ్యలో ఉండే ఎయిర్‌బ్యాగ్ విప్పారు. తెచ్చుకునే రోజు ఒక కుర్రాడు స్టీరింగ్ మీద వాలి ఫోన్ చూసుకుంటుంటే, ఇంకొకడు ముందు బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ బిగిస్తున్నాడు. ఎయిర్‌బ్యాగ్ విప్పి బిగించాక, పొరపాటున పేలితే ఎవరికీ తగలకుండా, కారులో మనిషి లేనప్పుడే బ్యాటరీ కలపాలని రిపేరు మాన్యువళ్లలో ఉంటుంది. విప్పేముందు కూడా నెగటివ్ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి, లోపలి కెపాసిటర్‌లో కరెంటు నిలవ ఉంటుంది కాబట్టి. అంత ఓపిక ఎవరికుంది!

తాళం తిప్పితే స్టీరింగ్ ముందు మీటరులో ఉండే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలగనే లేదు. "లైటు రాలేదంటే ఫాల్టు లేనట్టే కదా సార్" అన్నాడు మెకానిక్. ఆ దీపం కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి. వేరేచోట మీటరు విప్పించాను. దీపం మీద నల్ల టేపు ముక్క! స్టీరింగ్ కింద పసుపుపచ్చ కనెక్టరు సగమే దిగి ఉంది, లాక్ పడలేదు. దాన్ని నొక్కి, కారు కంప్యూటర్లో నమోదై ఉన్న పాత ఫాల్టును స్కానర్‌తో తుడిచాక దీపం బుద్ధిగా వెలిగి ఆరింది. పది నిమిషాల పని.

పేలిపోయిన బ్యాగు స్థానంలో చిన్న రెసిస్టర్ పెట్టి దీపాన్నే మోసం చేసే ఘనులు కూడా ఉన్నారట. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నవాడికి ఏం తెలుస్తుంది? ఫిట్‌నెస్ చూసే అధికారులకు హారన్ మోగితే చాలు, ముద్ర పడిపోతుంది. నా బిల్లులో కారు తుడిచినందుకు ఒక పద్దు, లోపల సెంటు కొట్టినందుకు ఇంకో పద్దు. ఎయిర్‌బ్యాగ్ తిరిగి కలిపి పరీక్షించామని ఒక వరుస రాసి సంతకం పెట్టమంటే మాత్రం "అలాంటి పద్ధతి లేదు" అన్నారు. ఆ పద్ధతి పెట్టాల్సినవాళ్లు ఎక్కడున్నారో మరి.

ఈసారి వ్యాసం వేస్తే ఆ దీపం బొమ్మ పెద్దగా వేయండి. పోయినసారి మీరు వేసింది సీటుబెల్టు దీపం.

ఇట్లు,
ఒక పాఠకుడు