పళ్లేనికి పనికిరాని సారె

గ్రహీత: మేనేజర్ గారు, వినియోగదారుల సేవా విభాగం

విషయం: మీరు అమ్మిన కరెంటు కుమ్మరి సారె వీల్ హెడ్ (మట్టి ముద్దను పెట్టి తిప్పే పైబిళ్ల) వంకరగా ఉండడం, మార్చి ఇవ్వడానికి మీరు నిరాకరించడం గురించి

మేనేజర్ గారికి నమస్కారం.

మీ దగ్గర కొన్న కరెంటు సారె మీద టీ కప్పులు బాగానే వస్తున్నాయి. ఈ సంగతి ముందే రాస్తున్నాను, ఎందుకంటే ఫోను చేసినప్పుడల్లా మీ సేవా విభాగం వారు మొదట అడిగేది అదే. కప్పులు వస్తుంటే సారెలో లోపం ఎక్కడుంటుందని వారి వాదన. నేను దీన్ని కప్పుల కోసం కొనలేదు. భోజనం పళ్లాలకు, వెడల్పాటి పాత్రలకు అనువైనదని మీ కరపత్రంలో మీరే అచ్చువేశారు. 30 సెంటీమీటర్ల వీల్ హెడ్ ఉందన్న కారణం చూపించి చిన్న సారె కంటే ఎక్కువ ధర తీసుకున్నారు. చేతివృత్తులవారి కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకం కింద మా కుమ్మరి వృత్తివారికి ఇచ్చే మొదటి విడత లక్ష రూపాయల అప్పుతో కొన్నాను. దాన్ని 18 నెలల్లో తీర్చాలి. మీ జవాబు కోసం బ్యాంకు వాయిదా ఆగదు కదా.

నెల్లూరులో చేపల పులుసు భోజనం పెట్టే ఒక హోటలు వారు నాకు పళ్లాలు చేయమని పని ఇచ్చారు. వారి షరతులు రెండే. అన్నంలో పోసిన పులుసు బయటికి జారకుండా అంచు లేచి ఉండాలి. వడ్డించే మనిషి నాలుగైదు పళ్లాలు ఒక చేత్తో ఎత్తగలిగేంత తేలికగా ఉండాలి, అంటే ఒక్కొక్కటి 800 గ్రాముల లోపు. ఇన్నాళ్లూ స్టీలు పళ్లాలు వాడినవారికి మట్టి పళ్లెం చేతికిస్తే ముందు అందం చూడరు, బరువు చూస్తారు. ఆ చూపు న్యాయమైనదే.

తేలిక పళ్లెం ఎలా తయారవుతుందో మీ సాంకేతిక నిపుణుడికి తెలిసినట్లు లేదు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. 1,400 గ్రాముల స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో కాలి గట్టిపడే) మట్టి ముద్దను నడిమికి కుదిర్చి, అరచేత్తో పలచగా పరిచి, 31 సెం.మీ. దాకా లాగుతాను. ఆరి కాలేసరికి ఈ మట్టి 12 శాతం కుంచించుకుపోతుంది కనుక చివరికి దక్కేది సుమారు 27 సెం.మీ. పళ్లెం. అడుగును రబ్బరు బిళ్లతో గట్టిగా నొక్కకపోతే ఆరేటప్పుడు నడిమధ్యన ఎస్ ఆకారంలో చీలుతుంది. అలాంటి చీలికకు పూచీ చేసేవారిదే, దాని గురించి మీకు ఎవరూ ఉత్తరం రాయరు. సగం ఆరాక పళ్లేన్ని బోర్లించి, తిరుగుతుండగా అడుగు చెక్కి, నిలబడడానికి ఒక వలయం మిగులుస్తాను. బరువు తగ్గేది ఇక్కడే. అడుగు మందం 5 మిల్లీమీటర్లకు రావాలి. ఎక్కువ ఉంచితే బరువు, ఎక్కువ చెక్కితే బొక్క.

మీ వీల్ హెడ్ ఇరుసుకు లంబంగా లేదు. తిరిగేటప్పుడు ఒక పక్క లేస్తుంది, ఎదుటి పక్క దిగుతుంది. దీన్ని మొదట పట్టుకున్నది మా మామయ్య. ఆయన జీవితమంతా కర్రతో తిప్పే సారె మీద చట్టీలు, కుండలు చేసిన మనిషి. ఒక చీపురు పుల్లను అంచుకు దగ్గరగా కదలకుండా పట్టుకుని, "ఈ సందు చూడమ్మా, ప్రతి చుట్టుకూ మూసుకుంటోంది, తెరుచుకుంటోంది" అన్నారు. తర్వాత కావలిలో లేత్ పని చేసేవారి దగ్గర డయల్ గేజి (సన్నటి ఎత్తుపల్లాలను కొలిచే సాధనం) తెచ్చి కొలిపించాను. అంచు దగ్గర ఎత్తుపల్లాల తేడా 1.5 మి.మీ. వచ్చింది. వీల్ హెడ్‌ను విప్పి ఇరుసును విడిగా తిప్పి చూస్తే అది తిన్నగానే ఉంది. అంటే మోటారుకు, ఇరుసుకు ఏ దోషమూ లేదు. మీ కార్ఖానాలో ఈ ఒక్క లోహపు బిళ్లను సరిగా తరగలేదు, తరిగినవారి వెనుక ఎవరూ కొలిచి చూడలేదు.

1.5 మి.మీ. ఒక లెక్కా అని మీ నిపుణుడు నవ్వారు. కప్పుకు లెక్క కాదు. కప్పు అడుగు 8 సెం.మీ. ఉంటుంది, అంత వెడల్పులో ఈ వాలు అర మిల్లీమీటరు కూడా రాదు. పళ్లెం వీల్ హెడ్ అంతా ఆక్రమిస్తుంది, కాబట్టి వాలు మొత్తం దానికే వస్తుంది. చేయి స్థిరంగా ఉంటుంది కనుక పళ్లెం లోపలి భాగం ఇరుసుకు సరిగ్గా ఏర్పడుతుంది, కింది భాగం మాత్రం వాలి ఉంటుంది. బోర్లించి చెక్కేటప్పుడు కత్తి సరిగ్గా నిలుస్తుంది, పళ్లెం వాలుతుంది. 5 మి.మీ. అనుకున్న మందం ఒక కొసన 4.25, ఎదుటి కొసన 5.75 దాకా పోతుంది. ఆరిన పళ్లేన్ని అడ్డంగా కోసి చూశాను, లెక్కకు తగ్గట్టే ఉంది. పలచటి వైపు ముందు ఆరి కుంచించుకుంటుంది, మందపు వైపు ఇంకా తడిగానే ఉంటుంది. ఆ లాగుడుకు పళ్లెం మెలి తిరుగుతుంది. 1,220 డిగ్రీల వేడిలో మట్టి కొంత మెత్తబడినప్పుడు పలచటి అంచు ఇంకా కిందికి వాలుతుంది. బల్ల మీద పెడితే ఊగే పళ్లేన్ని ఏ హోటలు తీసుకుంటుంది?

దీనికి మీ నుంచి వచ్చిన సలహాలు చూడండి. వీల్ హెడ్ మీద బిగించే చెక్కపలక కింద ఒక పక్క కాగితం మడిచి పెట్టుకోమన్నారు. నీళ్లు పారే చోట కాగితం ఎంతసేపు నిలుస్తుందో మీరే పెట్టి చూడండి. అడుగు 8 మి.మీ. మందం ఉంచుకుంటే తేడా కనిపించదన్నారు. అప్పుడు పళ్లెం కిలో దాటుతుంది. తేలిక పళ్లెం చేయడానికి కొన్న సారెకు బరువు పళ్లెం మందుగా చెప్పడం వైద్యమా? మూడోసారి మా జిల్లా కరెంటు వోల్టేజీని తప్పుపట్టారు. సారెకు స్టెబిలైజర్ ఉంది. లేకపోయినా, వోల్టేజీ ఎంత పడిపోతే ఇనుము వంగుతుందో చెప్పగలరా?

పెడల్ గురించి కూడా ఒక మాట. పళ్లెం అంచు వెడల్పయ్యాక సారె చాలా నెమ్మదిగా తిరగాలి. మీ పెడల్‌ను కొంచెం నొక్కితే సారె కదలదు, ఇంకొంచెం నొక్కితే ఒక్కసారిగా ఉరుకుతుంది. దీన్ని మీ మనిషి వచ్చి సర్దితే చాలు.

ఇక మీ చివరి ఈమెయిల్. "వాణిజ్య అవసరానికి వాడుతున్నారు కనుక వారంటీ వర్తించదు, మీరు వినియోగదారు కూడా కారు" అని రాశారు. వారంటీ కార్డులో అలాంటి షరతు ఎక్కడా లేదు, కార్డు నకలు జతచేస్తున్నాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం స్వయం ఉపాధితో బతకడానికే వస్తువు కొని తానే వాడుకునేవారు వినియోగదారులే. నా దగ్గర కూలి మనుషులు లేరు, ఆ సారె ముందు కూర్చునేది నేనొక్కదాన్నే. వివాదాలన్నీ మీ నగరం కోర్టులోనే తేల్చుకోవాలని బిల్లు వెనుక చిన్న అక్షరాలతో ఉంది. ఫిర్యాదుదారు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చని అదే చట్టం చెబుతోంది. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. నెల్లూరు నాకు బస్సు దూరం, మీకు ఎంత దూరమో చూసుకోండి.

నేను అడిగేవి ఇవి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో కొత్త వీల్ హెడ్ పంపి, మీ ఖర్చుతో బిగించి, పెడల్ సర్దించాలి. బిగించాక అంచు దగ్గర తేడా 0.2 మి.మీ. మించకూడదు. అది మీ వల్ల కాకపోతే సారెను మీ ఖర్చుతో తీసుకువెళ్లి, రవాణా ఛార్జీలతో సహా పూర్తి సొమ్ము తిరిగి ఇవ్వాలి. కూపన్లు, తర్వాతి కొనుగోలులో తగ్గింపులు నాకు వద్దు. గడువు దాటితే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, జిల్లా కమిషన్‌కు వెళతాను.

కొత్త వీల్ హెడ్ పంపేటట్లయితే, పెట్టెలో పెట్టేముందు గేజితో కొలిచి, ఆ కొలత రాసిన కాగితం మీద కొలిచినవారి సంతకం తీసుకుని పంపండి. అది లేకుండా వచ్చిన పెట్టెను నేను తెరవను.

ఇట్లు,
కుమ్మరి వృత్తిదారు,
కావలి మండలం, నెల్లూరు జిల్లా

జతపరచినవి: బిల్లు, వారంటీ కార్డు, మీ ఈమెయిళ్ల నకళ్లు, గేజి కొలతల ఫోటోలు, అడ్డంగా కోసిన పళ్లెం ఫోటో