ఏ పద్దు నుంచి వస్తుందో అడుగు, బావా

అమలాపురం దగ్గర నుంచి,
2025 నవంబరు

బావా,

నువ్వు ఫోన్లో అడిగినదానికి ఫోన్లోనే చెప్తే సగం మర్చిపోతావని కాయితం మీద పెడుతున్నాను. ముందు క్షేమాలు. మొంథా తుపాను అక్టోబరు 28వ తారీకు రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, మా పెరట్లో రెండు కొబ్బరిచెట్లు పడ్డాయి, వంటింటి రేకులు లేచిపోయాయి. మనుషులకి ఏమీ కాలేదు. అత్తయ్య ఆ రాత్రి మా ఇంట్లోనే ఉంది. కోడలుపిల్ల కూడా ఉంది. అత్తయ్య కర్ణాటకలో మీ గంగావతి క్యాంపుకి వచ్చేస్తుందేమో అన్న ఆశ పెట్టుకోకు. ఈ కాలవగట్టు వదలనంటోంది.

ఇక అసలు సంగతి. కోడలుపిల్లకి కలెక్టరాఫీసులో డేటా ఎంట్రీ పని దొరుకుతోంది, ఔట్‌సోర్సింగ్, నెలకి 18,500, "గవర్నమెంటు ఉద్యోగమే కదా, చేర్చేయనా" అని అడిగావు. చేర్చాలా వద్దా అన్నది చివర్లో చెప్తాను. "గవర్నమెంటు ఉద్యోగమే కదా" అన్న మాట దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ముప్ఫై నాలుగేళ్ళు జీతాల బిల్లులు కట్టినవాణ్ణి. ఆ మాట వింటే నాకు కడుపులో తిప్పుతుంది.

తుపాను మర్నాడు పొద్దున మా వీధిలో ఏం చూశానో చెప్పనా? చెట్టు తీగల మీద పడి వీధి మూసుకుపోయింది. స్తంభం ఎక్కినవాడు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ లైన్‌మేన్. కింద తాడు పట్టుకున్న కుర్రాడు గ్రామ సచివాలయం ఉద్యోగంలో చేరిన ఎనర్జీ అసిస్టెంటు. కొమ్మలు నరికి ట్రాక్టరుకి ఎత్తుతున్నవాళ్ళు పంచాయతీ పారిశుధ్య కార్మికులు. ఎన్ని ఇళ్ళు దెబ్బతిన్నాయో రాసుకుంటూ గొడుగు లేకుండా తిరుగుతున్న అమ్మాయి ఇంజనీరింగ్ అసిస్టెంటు. అంగన్‌వాడీ ఆయమ్మ తడిసిన బియ్యం బస్తాలు బయటికి లాగుతోంది. అందరిమీదా అదే వాన. అందరూ సర్కారు పనే చేస్తున్నారు. కానీ బావా, ఒకళ్ళ జీతానికీ ఇంకొకళ్ళ జీతానికీ పోలికే లేదు. చేసే పనిని బట్టి వచ్చిన తేడా కాదది. డబ్బు ఏ సంచీలోంచి వస్తుందో దాన్ని బట్టి వచ్చింది.

ట్రెజరీ భాషలో ఆ సంచీ పేరు పద్దు. రెగ్యులర్ ఉద్యోగుల జీతం 010 పద్దు. యూనియన్ల వాళ్ళు జెండాలు పట్టుకుని "010 పద్దు కింద జీతాలివ్వాలి" అని అరుస్తుంటే బయటివాళ్ళకి అది ఏదో అంకెలా వినపడుతుంది. లోపలివాళ్ళకి అదే అన్నం. 010 అంటే ఒకటో తారీకు రాష్ట్ర ఖజానా బాధ్యత. అది కాకపోతే జీతం ఆ పంచాయతీ వసూళ్ళ మీదో, గ్రాంటు మీదో, ఏజెన్సీ మీదో ఆధారపడుతుంది.

లెక్క చూడు. మన దగ్గర జూనియర్ అసిస్టెంటు స్కేలు 25,220తో మొదలై 80,910 దాకా వెళ్తుంది. ఇది 2022 పీఆర్సీ, అంటే వేతన సవరణ స్కేలు. ఇప్పుడు నడుస్తున్న కరువు భత్యం, డీఏ, 37.31 శాతం, అంటే 9,410. అమలాపురం జనాభా యాభై వేలు దాటింది కాబట్టి ఇంటద్దె 12 శాతం, 3,026. మొత్తం 37,600 పైచిలుకు, అదీ కొత్తగా చేరినవాడికి. అదే గదిలో పక్క కుర్చీలో అదే ఫైలు టైపు చేసే ఔట్‌సోర్సింగ్ అమ్మాయికి 18,500. అందులో పీఎఫ్, ఈఎస్ఐ, వృత్తి పన్ను పోతే చేతికి పదహారు వేల ప్రాంతం. దానికి డీఏ లేదు, ఇంక్రిమెంటు లేదు. 2022 జనవరిలో ఔట్‌సోర్సింగ్ వాళ్ళకి మూడు మెట్లు కట్టారు: 15,000, 18,500, 21,500. డీఏ పెరిగిన ప్రతిసారీ పక్క కుర్చీ పైకి వెళ్తుంది, ఈ కుర్చీ అక్కడే ఉంటుంది. నా సెక్షన్లో అలాంటి పిల్ల ఒకతి ఉండేది. నేను రిటైరయ్యే ముందు రోజు నా డ్రాయరు ఖాళీ చేస్తుంటే "సార్, మా బిల్లు ఇక ఎవరు చూస్తారు" అంది. నాకు నోట మాట రాలేదు.

ఇంటద్దె సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క. పల్లెలో 10 శాతం, అమలాపురం, భీమవరం లాంటి ఊళ్ళలో 12, రాజమండ్రి, కాకినాడలో 16. అంతకు ముందు ఇంకా బాగుండేది. 2022 ఫిబ్రవరి 3న "చలో విజయవాడ" గుర్తుందా? మేమంతా వెళ్ళాం. మధ్యంతర భృతి 27 శాతం ఇచ్చి, చివరికి ఫిట్‌మెంటు, అంటే మూలవేతనం పెంపు, 23 శాతమే అన్నప్పుడు పుట్టిన మంట అది. దానికి ముందు 2015లో 43 ఇచ్చారు. ఆ పోరాటం చేసింది 010 వాళ్ళం. తాడు పట్టుకున్న కుర్రాడి గురించి, ఆయమ్మ గురించి అప్పుడు మేం గట్టిగా మాట్లాడలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

సచివాలయం పిల్లల కథ వేరు. 2019 అక్టోబరు 2న మొదలైంది. రెండేళ్ళు ప్రొబేషన్, నెలకి 15,000 అన్నారు. రెండేళ్ళయ్యాక ఇంకో తొమ్మిది నెలలు అదే 15,000. 2022 జులైలో స్కేలు ఇచ్చారు. పంచాయతీ సెక్రటరీకి 23,120, మిగతావాళ్ళకి 22,460. బీటెక్ చదివిన ఇంజనీరింగ్ అసిస్టెంటు ఆ రెండో వరసలోనే ఉంది. ఎనర్జీ అసిస్టెంటు కూడా సచివాలయం ఉద్యోగానికే వచ్చాడు, కానీ వాడు కరెంటు సంస్థ కిందికి వెళ్ళాడు. కరెంటు వాళ్ళ పీఆర్సీ వేరు, నాలుగేళ్ళకోసారి, మనదాని మీద ఆధారపడదు. అందుకే లైన్‌మేన్ జీతం చూసి మా గుమాస్తాలు నోరెళ్ళబెడతారు. స్తంభం ఎక్కేవాడికి అది ఎక్కువ కాదని నేనంటాను.

పంచాయతీ పారిశుధ్యం వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి స్కేలు అన్న మాటే లేదు. మన పక్క రెండు పంచాయతీలు చూడు. ఒకదానికి రేవు పాట ఉంది, చేపల చెరువు పాట ఉంది, సంత ఉంది. అక్కడ తుడిచేవాళ్ళకి నెల నెలా డబ్బు అందుతుంది. మైలు దూరంలో ఇంకోదానికి ఇంటి పన్ను తప్ప ఆదాయం లేదు, అదీ సగం బకాయి. అక్కడ ఒకసారి ఐదు నెలలు ఇవ్వలేదు. అడిగితే "జనరల్ ఫండ్స్‌లో లేవు" అన్నారు. అదే చీపురు, అదే కంపు. ఊరు పేదదైతే ఊరు తుడిచేవాడు పస్తుండాలా? మున్సిపాలిటీలో అదే పని చేసే ఔట్‌సోర్సింగ్ కార్మికుడికి వృత్తి ఆరోగ్య భత్యం 6,000 కలిపి 21,000. ఊరి పొలిమేర దాటితే మారిపోయే జీతం.

అంగన్‌వాడీ వాళ్ళది జీతం అని కూడా అనరు. గౌరవ వేతనం. టీచరుకి 11,500, ఆయాకి 7,000. 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు, సమ్మెలు నిషేధించే ఎస్మా చట్టం పెట్టినా కదల్లేదు. సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లో వీళ్ళకి గ్రాట్యుటీ వర్తిస్తుందని చెప్పింది. గ్రాట్యుటీ ఇవ్వదగ్గ పని అయినప్పుడు అది గౌరవం ఎలా అవుతుంది, ఉద్యోగం కాదూ? ఆ మాట పెట్టినవాడి మీద నాకు కోపం తగ్గదు.

యానాం సంగతి రాయకపోతే ఇది పూర్తికాదు. బాలయోగి వారధి దాటితే పుదుచ్చేరి ప్రభుత్వం, అక్కడ కేంద్రం ఏడో వేతన సంఘం స్కేళ్ళు. అందరూ "యానాంలో ఎక్కువ" అంటారు, నేను కూర్చుని లెక్క వేశాను. 2024 జనవరి డీఏ తీసుకున్నాను, కేంద్రానిది 50 శాతం, మనది 37.31. అక్కడ ప్రైమరీ టీచరు మూలవేతనం 35,400, డీఏతో 53,100. మన దగ్గర అదే పని చేసే సెకండరీ గ్రేడ్ టీచరుది 32,670, డీఏతో 44,860. ఎనిమిది వేలు తేడా, నిజమే. కానీ గుమాస్తా దగ్గర తిరగబడుతుంది. అక్కడ గుమాస్తా, ఎల్డీసీ అంటారు, మూలవేతనం 19,900, డీఏతో 29,850. మన జూనియర్ అసిస్టెంటుకి 34,630. మన స్కేళ్ళు 2018 లెక్కన సవరించారు, వాళ్ళవి 2016 లెక్కన, కాబట్టి శాతాలు చూసి ఒకటి ఎక్కువ, ఇంకోటి తక్కువ అనుకోకూడదు. ఇంకో తేడా ఉంది. వాళ్ళ డీఏ టైముకి వస్తుంది. ఆ 2024 జనవరి డీఏకి మన ఉత్తర్వులు 2025 అక్టోబరులో, దీపావళికి వచ్చాయి.

మా పెద్దన్నయ్య సంగతి నీకు తెలుసు, కానీ పూర్తిగా తెలీదు. ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలవ కాపలాదారుగా, లాకు దగ్గర చేరాడు, 1985లో, ఎన్ఎంఆర్ మీద, అంటే మస్టరు రోజు కూలి. వాడి జోడీ ఒకాయన 1990లో చేరాడు. ఇద్దరూ ఒకే చక్రం తిప్పారు, ఒకే గట్టు మీద వరదకి కాపలా కాశారు. 1994 ఏప్రిల్లో 212 జీవో వచ్చింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ళ సర్వీసు ఉంటే పర్మనెంటు. అన్నయ్యకి ఎనిమిదేళ్ళు. ఆయనకి మూడేళ్ళు. అంతే. అన్నయ్య 2018లో రిటైరయ్యాడు, పాత పింఛను వస్తోంది, వదినకి కూడా భద్రత ఉంది. ఆయన అరవై దాటేదాకా రోజు కూలీగానే ఉండి ఇంటికి వెళ్ళాడు. ఇప్పుడు వచ్చేది వృద్ధాప్య పింఛను, 4,000. అది 2024 జులై దాకా మూడు వేలే. పోయిన కార్తీక సోమవారం గుడి దగ్గర కనిపిస్తే అన్నయ్య తల దించుకున్నాడు. ఆయనే వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ కాలవ నీళ్ళ గురించి మాట్లాడుకున్నారు, దాళ్వా పంటకి ఎంత వదులుతారో అని.

అందుకే బావా, పద్దుతో పాటు చేరిన తేదీ కూడా చూడాలి. 2004 సెప్టెంబరు 1 ముందు చేరినవాళ్ళకి పాత పింఛను. ఆ రోజు నుంచి చేరినవాళ్ళ మూలవేతనం, డీఏ మీద పది శాతం కోసి సీపీఎస్ అనే వాటా పింఛనులో వేస్తారు. ఒకే బళ్ళో ఒకే క్లాసు చెప్పే ఇద్దరు మాస్టార్లకి కూడా రిటైరయ్యాక బతుకు వేరు.

2016 అక్టోబరు 26న సుప్రీంకోర్టు, పంజాబ్ కేసులో, తాత్కాలిక ఉద్యోగి రెగ్యులర్ ఉద్యోగితో సమానమైన పని చేస్తే స్కేలులో కనీసం ఇవ్వాలని చెప్పింది. ఆ మాట చదివిన రోజు నేను తీర్పు కాపీ ప్రింటు తీసి మా సెక్షన్లో గోడకి అంటించాను. కానీ ఔట్‌సోర్సింగ్ దగ్గరికి వచ్చేసరికి "నీ యజమాని మేం కాదు, సంస్థ" అనే అడ్డం వస్తుంది. మన రాష్ట్రంలో 2020లో ప్రభుత్వమే ఆప్కాస్ అనే ఔట్‌సోర్సింగ్ సంస్థ పెట్టాక మధ్యలో దళారీ తగ్గాడు, జీతం బ్యాంకులో పడుతోంది, పీఎఫ్ కనపడుతోంది. దాన్ని నేను కాదనను. అంతకు ముందు ఏజెన్సీల వాళ్ళు ఎంత కోసుకునేవారో నేను కళ్ళారా చూశాను.

ఇప్పుడు కోడలుపిల్ల సంగతి. చేరమను. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే పిల్లకి టెన్షన్ పెరుగుతుంది, అత్తయ్య మందులకి డబ్బూ కావాలి. కానీ దాన్ని ఉద్యోగం అనుకోవద్దని చెప్పు. టీచరు పోస్టుల డీఎస్సీ పుస్తకాలు మూయొద్దను. ఈ ఏడు 16,347 పోస్టులకి నోటిఫికేషన్ వేశారు, మళ్ళీ వేసేదాకా చదువు ఆపకూడదు. అది బీఈడీ చేసింది, స్కూల్ అసిస్టెంటు కొడితే 44,570తో మొదలు. ఆఫీసులో ఐదున్నర దాటితే లేచి రమ్మను. అక్కడ ఇష్టంగా పని చేసే పిల్ల మీదే అందరి పనీ పడుతుంది, నేను చూశాను.

చేరే ముందు ఆ ఆర్డరు ఫొటో తీసి నాకు పంపు. మూడు చూస్తాను: ఎవరి పేరు మీద ఆర్డరు, ఏ పద్దు, ఎన్నాళ్ళకి. మార్చి 31తో ముగిసే కాయితమైతే ఏప్రిల్‌కి మళ్ళీ పొడిగింపు రావాలి, ఆ మధ్య జీతం ఆగొచ్చు. దానికి తగ్గట్టు అత్తయ్య చేతిలో రెండు నెలల డబ్బు ఉంచు.

సంక్రాంతికి వస్తావుగా. పడిన చెట్ల మొద్దులు ఇంకా పెరట్లోనే ఉన్నాయి, భోగిమంటకి పనికొస్తాయి.

నీ బావ