సిస్టమ్ మార్చారు, నేర్చుకునే సమయమూ ఇవ్వండి

సమాచార సాంకేతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ప్రభుత్వ కార్యాలయాల్లో విండోస్ 10 తీసేసి విండోస్ 11 పెడుతున్నారు. పెట్టక తప్పదని మాకూ తెలుసు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. సంస్థలు డబ్బు కట్టి తీసుకునే అదనపు భద్రతా అప్‌డేట్లు కూడా గరిష్ఠంగా మూడేళ్లే. జనం పేర్లు, ఆస్తుల లెక్కలు, పింఛన్ల జాబితాలు ఉన్న కంప్యూటర్లను రక్షణ లేకుండా నడపమని మేమెవరమూ అడగం. మా బాధ మార్పు గురించి కాదు. ఆ మార్పును మా మీదికి వదిలిన తీరు గురించి.

మా ఆఫీసులో శుక్రవారం సాయంత్రం పాత సిస్టమ్ మీద పని ముగించి ఇళ్లకు వెళ్లాం. సోమవారం వచ్చి చూస్తే కొత్త స్క్రీన్. ఏం మారిందో చెప్పే కాగితం లేదు, మనిషీ లేడు. బయట జనం నిలబడి ఉన్నారు కాబట్టి కౌంటర్లు తెరిచాం.

ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తే వచ్చే మెనూ ఒక్కటి తీసుకోండి. పాతదాంట్లో కట్, కాపీ, డిలీట్, రీనేమ్ అన్నీ అక్షరాల్లో ఒకదాని కింద ఒకటి ఉండేవి. విండోస్ 11లో అవి చిన్న చిన్న బొమ్మలై ఒక వరుసలో చేరాయి. క్లిక్ చేసిన చోటును బట్టి ఆ వరుస ఒకసారి మెనూ పైన, ఒకసారి కింద కనిపిస్తుంది. 2021లో ఈ సిస్టమ్ వచ్చినప్పుడు ఆ బొమ్మలకు పేర్లు కూడా లేవు. 2024లో వచ్చిన వెర్షన్‌లో చేర్చారు, మాకు పెట్టింది అంతకు ముందుది. ఇతర సాఫ్ట్‌వేర్లు ఈ మెనూలో పెట్టుకున్న ఆప్షన్లలో చాలావరకు ‘షో మోర్ ఆప్షన్స్’ వెనక్కి పోయాయి.

స్కాన్ చేసిన దరఖాస్తులకు రోజంతా నంబర్లతో పేర్లు పెట్టే సీనియర్ అసిస్టెంట్ ఒకావిడ మా దగ్గర ఉన్నారు. కళ్లు కాగితం మీద ఉండగానే ఆవిడ చెయ్యి మౌస్‌ను రీనేమ్ దగ్గరికి తీసుకెళ్లేది. ఆ సోమవారం చెయ్యి అలాగే వెళ్లింది, అక్కడ రీనేమ్ లేదు. ప్రతి ఫైలుకూ ఆగి, తలెత్తి, బొమ్మలు వెతుక్కుని, ఇది కాదేమోనని వెనక్కి వచ్చి... కౌంటర్ అవతలి మనిషి ‘ఏంటమ్మా ఇంత ఆలస్యం’ అంటుంటే ఆవిడ ముఖం చూడలేకపోయాం. ఎఫ్2 మీట నొక్కితే పేరు మార్చొచ్చని, అది పాత విండోస్‌లోనూ కొత్తదాంట్లోనూ ఒకేలా పనిచేస్తుందని ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ ఉదయం అలా గడిచేది కాదు. షిఫ్ట్ పట్టుకుని ఎఫ్10 నొక్కితే పాత మెనూయే వస్తుందన్నదీ అంతే. చెప్పడానికి నిమిషం పట్టని సంగతులివి.

స్క్రీన్ అడుగున ఉండే టాస్క్‌బార్ కథా ఇదే. ఎడమ మూలన ఉండే స్టార్ట్ బటన్ మధ్యలోకి జరిగింది. కొత్త ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా మిగతా ఐకాన్లు కాస్త పక్కకు జరుగుతాయి. దాన్ని మళ్లీ ఎడమవైపు పెట్టుకునే సెట్టింగ్ అందులోనే ఉంది. మా కంప్యూటర్లు సిద్ధం చేసినవాళ్లు ఆ పని ముందే చేసి ఇవ్వొచ్చు. చేయలేదు.

ఇదంతా విన్న పై అధికారులు కొందరు ‘వయసు మీద పడినవాళ్లకు కొత్తది ఎక్కదు’ అని తేల్చేస్తున్నారు. ఈ మాట నాకు చాలా కష్టంగా ఉంది, నిజమూ కాదు. 2012లో వచ్చిన విండోస్ 8లో స్టార్ట్ బటన్ తీసేస్తే ప్రపంచమంతా గోల పెట్టింది, అందులో కుర్రవాళ్లూ ఉన్నారు, కంప్యూటర్ నిపుణులూ ఉన్నారు. మరుసటి ఏడాది 8.1లో బటన్ తిరిగొచ్చింది, 2015లో విండోస్ 10తో స్టార్ట్ మెనూ కూడా వచ్చింది. విండోస్ లాంటిదే మరో సిస్టమ్ లినక్స్. 2011లో అందులో స్క్రీన్ రూపాన్ని, మెనూలను చూపే గ్నోమ్ అనే సాఫ్ట్‌వేర్‌కు మూడో వెర్షన్ గ్నోమ్ 3 వచ్చినప్పుడు ఆ కొత్త రూపం నచ్చనివాళ్లు పాత గ్నోమ్ 2నే ‘మాటే’ అన్న పేరుతో కొనసాగించారు. ప్రోగ్రాములు స్వయంగా రాసుకోగలిగినవాళ్లే అలవాటైన అమరికను వదులుకోలేకపోయారంటే, ఇది తెలివికో వయసుకో సంబంధించిన విషయం కాదు. ఏళ్లతరబడి చేతికి పట్టిన పని ఒక్క రాత్రిలో చేతిలోంచి జారిపోతే ఎవరికైనా అంతే.

చూపులేని మా సహోద్యోగి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తుంటే ఆయన కీబోర్డుతోనే పని చేస్తారు. ఏ మెనూలో డౌన్ యారో ఎన్నిసార్లు నొక్కితే ఏది వస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. మెనూ వరుస మారితే మేం కళ్లతో వెతుక్కుంటాం, ఆయన ఒక్కో అంశాన్నీ మొదటి నుంచి వినాలి. కొత్త సిస్టమ్ పెట్టే ముందు ఆయన్ని ఒక్కసారైనా కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు.

మంత్రిగారూ, మీరు ఆదేశిస్తే జరిగే పనులే అడుగుతున్నాను. సిస్టమ్ మార్చేముందు ప్రతి విభాగంలో ఒకటి రెండు కంప్యూటర్ల మీద కొత్తది పెట్టి, సిబ్బంది వంతులవారీగా చేసి చూసుకునే వీలు కల్పించండి. శిక్షణ అంటే హాల్లో వందమందిని కూర్చోబెట్టి స్లయిడ్లు చూపించడం కాకుండా, మా కుర్చీ దగ్గరికొచ్చి మేం రోజూ చేసే పనిని కొత్తదాంట్లో చేయించాలి. స్టార్ట్‌లో ఏవి ఉండాలి, టాస్క్‌బార్‌లో ఐకాన్లు ఎటువైపు ఉండాలి, ఫైళ్లు ఏ ప్రోగ్రామ్‌లో తెరుచుకోవాలి అన్నవి అన్ని కంప్యూటర్లకూ ఒకేచోట నుంచి అమర్చే సౌకర్యం విండోస్‌లో ఉంది. దాన్ని వాడి, పాత అలవాటుకు దగ్గరగా అమర్చిన యంత్రాన్నే మాకు ఇప్పించండి. చూపులేని, చేతుల కదలిక తక్కువగా ఉన్న ఉద్యోగులు పరీక్షించి సరేనన్నాకే ఏ ఆఫీసులోనైనా మార్పు మొదలవ్వాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. మొదటి కొన్ని వారాలు పని నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదిని నిర్లక్ష్యం కింద రాయొద్దని లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. పెండింగ్ దరఖాస్తుల లెక్క చూపించి ఇప్పటికే మా సీనియర్ అసిస్టెంట్‌ను సంజాయిషీ అడిగారు. ఇన్నేళ్ల సర్వీసులో ఆవిడకు ఇదే మొదటి మెమో. దాన్ని వెనక్కి తీసుకోమని చెప్పండి.

మా పక్క విభాగానికి త్వరలో కొత్త కంప్యూటర్లు వస్తున్నాయట. ఈ ఉత్తర్వు ఆలోపే వస్తే వాళ్లకైనా పనికొస్తుంది.

ఇట్లు,
ఒక ప్రభుత్వ కార్యాలయ ఉద్యోగిని