కోపం సరే, గ్రూపులోకి మాత్రం మళ్లీ రా

అమ్మలూ,

మీ చిన్నాన్న మన ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టిన, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వీడియో అబద్ధమని నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కరాచీలో పిల్లల జాగ్రత్త కోసం తీసిన ప్రచార వీడియో అది, ఎత్తుకెళ్లిన పిల్లాడిని మళ్లీ తెచ్చి దింపేసే చివరి ముక్క కత్తిరించేసి ఇండియా అంతా తిప్పారు. ఇన్నేళ్ల తరవాత అదే వీడియో ‘మన పర్లాకిమిడిలోనే’ అని ఒకసారి ఒడియాలో, ఒకసారి తెలుగులో వస్తుంటే నాకూ ఒళ్లు మండింది. కానీ పెద్దాడని కూడా చూడకుండా అందరి ముందూ ‘బుద్ధి ఉందా’ అని రాసేసి గ్రూపులోంచి వెళ్లిపోయావే, అది నాకు నచ్చలేదు.

నువ్వు వెళ్లాక ఏమైందో తెలుసా? ఇద్దరు దండం బొమ్మలు పెట్టారు. మీ అత్త ‘నిజమో కాదో, జాగ్రత్తగా ఉంటే తప్పేంటి’ అంది. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఆ మాటంటేనే. 2018 జులై 1న మహారాష్ట్రలో ధులే జిల్లా రైన్‌పాడాలో, భిక్షాటనకి వచ్చిన ఐదుగురు సంచార జాతి మనుషుల్ని పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లనుకుని కొట్టి చంపేశారు. కొట్టినవాళ్లు కూడా జాగ్రత్త పడుతున్నామనే అనుకుని ఉంటారు. మన ఊరికి కొండల మీంచి సవర గిరిజనులు సంతకి వస్తారు, ఎక్కడెక్కడి నుంచో దుప్పట్లు అమ్ముకునేవాళ్లు వస్తారు, సగం మంది భాష మనకి రాదు. అలాంటి చోట కొత్త మొహం కనిపిస్తే అనుమానించమని చెప్పే మెసేజ్ ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చెప్పలేం.

అలాంటి ఘటనలయ్యాకే వాట్సాప్ ఇక్కడ ఒకసారికి ఐదుగురికి మించి ఫార్వర్డ్ వెళ్లకుండా చేసింది, 2020 ఏప్రిల్ నుంచి చాలా చేతులు మారినవైతే ఒక్కరికే. అయినా ఆగలేదు. ట్విట్టర్ మీద 2018లో వచ్చిన అమెరికా యూనివర్సిటీ ఎంఐటీ పరిశోధనలో, నిజం కన్నా అబద్ధాన్ని జనం పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది, అదీ వాటంతటవే పోస్టులు పెట్టే కంప్యూటర్ ప్రోగ్రాముల వల్ల కాదు, మనుషుల వల్లే.

చిన్నాన్న చెడ్డవాడు కాదమ్మా. పిల్లలిద్దరూ ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక వస్తారు, ఆ టెన్షన్‌తో పంపాడు. ఇప్పుడు నువ్వు తిట్టావన్న కోపంలో అసలు వీడియో సంగతి పక్కకి పోయింది, ఆయన డిలీట్ కూడా చెయ్యలేదు. గ్రూపులో ఇంకో నలుగురికి అది అబద్ధమని తెలుసు, పెద్దవాళ్లతో మనకెందుకని ఊరుకున్నారు. నోరు విప్పేదానివి నువ్వొక్కదానివే, నువ్వూ లేకపోతే ఎలా?

ముందు ఆయనకి విడిగా ఫోన్ చెయ్యి. అసలు వీడియో పూర్తిగా పంపి చూపించు, మెసేజ్ పైన రెండు బాణాలుంటే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని చెప్పు. ఆయన చేతే గ్రూపులో ‘ఇది తప్పు’ అని పెట్టించు, నువ్వు వంద సార్లు రాసినా అత్త వినదు, తమ్ముడు చెబితే వింటుంది. రాత్రి తొమ్మిది దాటాక చెయ్యి, షాపు కట్టేసి తీరిగ్గా ఉంటాడు.

నాన్న