ఆయిల్ ఎక్కడికీ పోలేదురా

తమ్ముడూ,

అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. మొన్న డ్యూటీకి టైమైపోయి, ఫోన్‌లో "కిక్ కొట్టకు, ఆగు" అని మాత్రం చెప్పి పెట్టేశాను. ఎందుకో ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా.

నాలుగు నెలలు కదలని బండి, ఆయిల్ ట్యాంకులో డిప్‌స్టిక్‌కి చుక్క అంటలేదు, నేల మీద మరకా లేదు, అందుకని లీటరున్నర పోశానన్నావు. పాత ఆయిల్ ఎక్కడికీ పోలేదురా, ఇంజను అడుగున ఉండే క్రాంక్‌కేసులోకి దిగింది. డ్రై సంప్ బండి, అంటే ఆయిల్ ఇంజను అడుగున కాకుండా వేరే ట్యాంకులో ఉండే బండిలో, ట్యాంకు పైన, పంపు కింద. పంపు గేర్లకీ వాటి గూటికీ మధ్య సన్నటి సందు ఉండాల్సిందే, లేకపోతే తిరగవు. ఇంజను నడుస్తున్నంతసేపూ రిటర్న్ పంపు కిందపడ్డ ఆయిల్‌ని పడ్డట్టే పైకి లాగేస్తుంది. బండి ఆగాక లాగేవాడు లేడు, ఆ సందులోంచి చుక్కచుక్కా దిగుతూనే ఉంటుంది. పంపు అరిగితే నెలల్లో దిగేది రోజుల్లోనే దిగుతుంది.

నేనూ ఇక్కడ కొన్న పాత బండికి నీలాగే పోసి కిక్ కొట్టాను. కిక్ బురదలో దిగినట్టు బరువుగా దిగింది. అప్పుడే ఆగాల్సింది. స్టార్టవగానే నీలిపొగ, ఇంజను లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ పైపులోంచి ఆయిల్. రెండు నిమిషాలకి ట్యాంకు పొంగి వెనక టైరు మీద కారింది. ఆ టైరుతో రోడ్డెక్కి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. క్రాంక్ దగ్గర ఆయిల్ కారకుండా ఆపే సీలు కూడా తోసుకొచ్చింది.

నువ్వు ముందు కింద వెడల్పాటి పళ్లెం పెట్టి సంప్ (క్రాంక్‌కేసు అడుగు) డ్రెయిన్ బోల్టు విప్పు. వచ్చిందంతా కారనిచ్చి మళ్లీ బిగించు. ట్యాంకులో ఇంకేం పోయకు. తర్వాత స్టార్ట్ చేసి ట్యాంకు మూతలోంచి రిటర్న్ పైపు చూడు. మొదట ధారగా వచ్చి, కాసేపటికి బుడగలతో తెగి తెగి పడుతుంది. రిటర్న్ పంపు పెద్దది కదా, కింద ఆయిల్ అయిపోయాక గాలి కూడా లాగుతుంది. అలా పడుతోందంటే సంపు ఖాళీ అయినట్టే. లెవెల్ చూడాల్సింది అప్పుడే.

ట్యాంకు నుంచి పంపుకి ఆయిల్ తెచ్చే ఫీడ్ పైపుకి కుళాయి పెట్టమని ఎవరైనా చెబితే ఒప్పుకోకు. ఒక్కరోజు తిప్పడం మర్చిపోతే చాలు, ఆయిల్ లేకుండా తిరిగి ఇంజను పట్టేస్తుంది. పెట్టాలంటే పంపు దాటాక స్ప్రింగు వాల్వు మేలు, పంపే దాన్ని నెట్టి తెరుస్తుంది. 1975లో వచ్చిన నార్టన్ 850 మార్క్ 3కి టైమింగ్ కవర్లో అలాంటిదే ఉండేది. అంతవరకూ వారానికోసారి బండి నడుపు.

అమ్మా నాన్నలకు నా నమస్కారాలు. డ్రెయిన్ చేశాక ఎంత దిగిందో కొలిచి రాయి.

నీ అన్న